చెత్తబండి మా వైపే ఎందుకు తిరుగుతుంది?

మేం వద్దన్నప్పుడల్లా ఎదురయ్యే ప్రశ్న ఒకటే. "మరెక్కడ పెట్టమంటారు?"

చెత్త డంపు కావచ్చు, చెత్తను కాల్చి కరెంటు తీసే ప్లాంటు కావచ్చు, ఆస్పత్రుల వ్యర్థాలు తగలబెట్టే బట్టీ కావచ్చు. ప్రశ్న మారదు. అడిగేవాడి గొంతులో విసుగూ మారదు. ఇదే మాట బంగళాల కాలనీవాళ్ళు అంటే అది పర్యావరణ స్పృహ. పేపర్లో ఫొటో పడుతుంది, పెద్ద ఆఫీసర్లు స్వయంగా వస్తారు, ప్రతిపాదన "పునఃపరిశీలన"లోకి పోతుంది. మా మొహల్లా అంటే అభివృద్ధి నిరోధకత్వం. శుభ్రత తెలియనివాళ్ళు శుభ్రత గురించి మాట్లాడుతున్నారని వెక్కిరింత. ఆ పైన "వీళ్ళ వెనక ఎవరో ఉన్నారు" అన్న అనుమానం. మా విషయంలో ఈ చివరి మాట ఎంత తేలిగ్గా నోటికొస్తుందో ఇలాంటి సంకలనం చదివేవాళ్ళకి విప్పి చెప్పనక్కర్లేదు.

అస్తిత్వం అనగానే మా చేత మాట్లాడించే విషయాలు కొన్ని ఉన్నాయి. గడ్డం, టోపీ, బురఖా, తలాక్, ఉర్దూ, పాకిస్తాన్‌తో క్రికెట్. జవాబులు చెప్పీ చెప్పీ మా నోళ్ళు అరిగిపోయాయి. మా చిరునామా సంగతి మాత్రం ఎవరూ అడగరు. మేం ఎక్కడ ఉంటాం, ఎందుకు అక్కడే ఉంటాం, మా గల్లీ చివర ఏముంటుంది, మా పిల్లలు ఏ గాలి పీలుస్తారు, ఇవన్నీ మునిసిపాలిటీ వ్యవహారాలట, అస్తిత్వం కాదట. మునిసిపాలిటీ లారీ మలుపు దగ్గర ఆగి మా వైపే తిరిగినప్పుడు మేమెవరమో మాకు ఎంత బాగా గుర్తొస్తుందో ఈ పెద్దమనుషులకి తెలియదు.

ఢిల్లీ ఓఖ్లా సంగతి చూడండి. చెత్త నుంచి కరెంటు అనే కల ఢిల్లీకి పాతదే. 1987లో తిమార్‌పూర్‌లో డెన్మార్క్ పరిజ్ఞానంతో రోజుకి 300 టన్నుల చెత్త కాల్చి 3.75 మెగావాట్లు తీస్తామని ప్లాంటు కట్టారు. నెలరోజులు కూడా సరిగా నడవలేదు. ఎందుకు నడవలేదో పొయ్యి ముట్టించిన ఎవరిని అడిగినా చెబుతారు. తడిది మండదు. మన చెత్తలో సగం కూరగాయల తొక్కు, మిగిలిన అన్నం, దుమ్ము. మండే కాగితం, అట్ట, ప్లాస్టిక్ సీసాలు బండి దాకా పోకముందే చెత్త ఏరుకునే పిల్లలు, కబాడీవాళ్ళు తీసేసుకుంటారు. మిగిలింది మండాలంటే పైనుంచి ఇంధనం పోయాలి.

మన దగ్గరా ఈ ముచ్చట తీరింది. షాద్‌నగర్ దగ్గర ఎలికట్టలో 6.6 మెగావాట్లు, విజయవాడలో 6 మెగావాట్లు అని 2003, 2004 ప్రాంతంలో రెండు ప్లాంట్లు ఘనంగా మొదలయ్యాయి. చెత్తలో వరి ఊక కలిపి కాల్చారు. సబ్సిడీలు తీసుకున్నారు. 2005లో సుప్రీంకోర్టు ఇలాంటి ప్లాంట్లకి సబ్సిడీలు ఆపి ముందు వీటి పనితీరు చూడమంది. కొన్నేళ్ళకే రెండూ మూతపడ్డాయి. ఊక అమ్మిన మిల్లులకి తప్ప వాటి వల్ల ఎవరికేం మిగిలిందో మాకు కనిపించలేదు.

ఇదంతా జరుగుతుండగానే ఓఖ్లాలో కొత్త ప్లాంటుకి ముహూర్తం పెట్టారు. 2007లో పర్యావరణ అనుమతి ఇచ్చేనాటికి కాగితం మీద ఉన్నది ఒక పద్ధతి. చెత్తను వేరు చేసి, తడిదాన్ని కుళ్ళబెట్టి గ్యాసు తీసి, పొడిదాన్ని ఇటుకల్లా చేసి వాడతామన్నారు. చివరికి కట్టింది వచ్చిన చెత్తను వచ్చినట్టే తగలబెట్టే చైనా బాయిలర్లు. జనం ముందు పెట్టింది ఒకటి, జనం నెత్తిన పెట్టింది ఇంకొకటి. 2009లో పక్కనే ఉన్న సుఖ్‌దేవ్ విహార్ వాసులు హైకోర్టుకి వెళ్ళారు. కేసు నడుస్తుండగానే గోడలు లేచాయి, 2012 జనవరిలో పొగ లేచింది. రోజుకి దాదాపు 2000 టన్నుల చెత్త, 16 మెగావాట్లు. కేసు 2013లో గ్రీన్ ట్రిబ్యునల్‌కి మారింది. 2017 ఫిబ్రవరిలో తీర్పు వచ్చింది. పొగగొట్టం నుంచి విషం హద్దు దాటి వచ్చిందని ట్రిబ్యునల్ ఒప్పుకుంది. 25 లక్షల రూపాయలు కట్టమంది. ప్లాంటు నడుపుకోమంది.

25 లక్షలు! ఢిల్లీలో ఒక చిన్న ఫ్లాటు కూడా రాదు.

ఇక్కడ ఒక విషయం తేల్చుకుందాం. ఓఖ్లా ప్లాంటు ముస్లింల మీద పన్నిన కుట్ర అని మేం అనడం లేదు. అలా అనడం తేలిక, అబద్ధం కూడా. దాని గోడకి ఆనుకున్నట్టుండే సుఖ్‌దేవ్ విహార్ మధ్యతరగతి కాలనీ, అక్కడ ఎక్కువమంది ముస్లింలు కారు. కోర్టు ఖర్చు, ఇంగ్లీషు, ఢిల్లీ తెలివి అన్నీ ఉన్నవాళ్ళే పోరాడి ఓడితే, అదే పొగ కింద ఉన్న హాజీ కాలనీ, గఫ్ఫార్ మంజిల్, నూర్ నగర్ గతేమిటని మా ప్రశ్న. జామియా చుట్టుపక్కల మొహల్లాల్లో చాలా భాగం సర్కారు భాషలో "అనధికార కాలనీలు". ప్లానులో లేని ఇల్లు. ప్లానులో లేని ఇంటికి ప్లాంటు ఎంత దూరమో ఎవరు కొలుస్తారు? మనుషులు లెక్కలో లేకపోతే వాళ్ళ దగ్గు లెక్కలోకి ఎలా వస్తుంది? ఆరేసిన బట్టల మీద, బాల్కనీ మీద బూడిద పడుతోందని అక్కడివాళ్ళు ఏళ్ళ తరబడి చెబుతూనే ఉన్నారు. 2024 నవంబరులో న్యూయార్క్ టైమ్స్ అయిదేళ్ళపాటు సేకరించిన నమూనాలు పరీక్ష చేయించి సీసం, కాడ్మియం ప్రమాదకర స్థాయిలో ఉన్నాయని రాసేదాకా మన జాతీయ పత్రికలకి అది రోజువారీ లోకల్ వార్త.

ప్లాస్టిక్ కాలితే డయాక్సిన్లు పుడతాయి. అవి పుట్టకుండా ఉండాలంటే బట్టీ వేడి 850 డిగ్రీలకి తగ్గకూడదు. తడి చెత్త పడ్డప్పుడల్లా వేడి పడిపోతుంది. పోనీ దుమ్మును కొలిచినట్టు డయాక్సిన్‌ను నిమిష నిమిషమూ కొలుస్తారా అంటే, లేదు. ఎప్పుడో ఒకరోజు నమూనా తీసి ప్రయోగశాలకి పంపాలి. ఆ రోజు బట్టీలో ఏం వేశారో అల్లాకే తెలియాలి.

2019 డిసెంబరు నుంచి 2020 మార్చి దాకా దేశమంతా ఓఖ్లా వైపు చూసింది. షాహీన్‌బాగ్ అక్కడే. మా దాదీలు, నానీలు చలిలో రోడ్డు మీద కూచుంటే సెక్యులర్ మిత్రులు వచ్చారు, పాటలు పాడారు, రాజ్యాంగ పీఠిక చదివారు. మాకు కృతజ్ఞతే ఉంది. కానీ ఒకమాట అనక తప్పదు. అదే ఓఖ్లాలో కొద్ది దూరంలో పొగగొట్టం రాత్రింబవళ్ళు పనిచేస్తూనే ఉంది. ఆ పాటల్లో అది ఎక్కడా రాలేదు. మేం పౌరసత్వం కాగితం పట్టుకుని నిలబడితే ముస్లింలుగా గుర్తుపట్టగలిగిన మిత్రులు, మేం ఇన్‌హేలర్ పట్టుకుని నిలబడితే గుర్తుపట్టలేకపోయారు. మతసామరస్య సభకి మాకు పిలుపొస్తుంది. గాలి గురించిన సభకి రాదు. గాలి నిపుణుల విషయం కదా, మేమేమో "బాధిత సమాజం"!

ముంబై గోవండీకి వెళ్దాం. దేవనార్ డంపు 1927 నుంచి ఉంది. పక్కన మనుషులు తర్వాత వచ్చారు కదా, చూసి ఎందుకొచ్చారని అడుగుతారు. రాలేదు, తెచ్చి పడేశారు. 1970ల మొదట్లో బాంద్రా నుంచి కబేళాను దేవనార్‌కి తోలారు. గుడిసెలు కూల్చి ఆ మనుషుల్ని డంపు అంచున ప్లాట్లు గీసి వదిలారు. శివాజీనగర్, బైగన్‌వాడీ, రఫీక్‌నగర్ అలా పెరిగాయి. ముస్లింలు, దళితులు, చెత్త ఏరి బతికేవాళ్ళు. 1992-93 మారణకాండ తర్వాత నగరంలో తలదాచుకోను చోటు వెతుక్కున్నవాళ్ళలో కొందరు కూడా ఇటే చేరారు. 2009లో వచ్చిన ముంబై మానవాభివృద్ధి నివేదికలో ఈ ఎం-ఈస్ట్ వార్డుది అట్టడుగు స్థానం. 2016 జనవరిలో డంపు అంటుకుంటే ఆ పొగ అంతరిక్షం నుంచి ఫొటోల్లో కనిపించింది. నగరంలో స్కూళ్ళు మూశారు. ముంబై మొత్తం దగ్గింది కాబట్టి అది వార్త. గోవండీ ఒక్కటే దగ్గిన ఏళ్ళు ఎన్నో.

అక్కడే ఆస్పత్రుల వ్యర్థాలు కాల్చే బట్టీ ఒకటి. ముంబై ఆస్పత్రుల పట్టీలు, సూదులు, కోసి తీసిన అవయవాలు అన్నీ గోవండీలో బూడిద కావాలి. మొహల్లావాళ్ళు సంఘం పెట్టుకుని హైకోర్టుకి వెళ్తే 2023లో రెండేళ్ళలోగా తరలించమని తీర్పొచ్చింది. గెలిచారు. కానీ తరలించేది ఎక్కడికి? రాయగఢ్ జిల్లా పల్లెల వైపు. ఈ గెలుపు మా గొంతులో ముల్లులా దిగింది. మా దగ్గర వద్దు, మాకన్నా గొంతు తక్కువున్నవాడి దగ్గర పెట్టండి అనడానికా మేం పోరాడేది?

ఇంతలో 2024లో మహారాష్ట్ర సర్కారు ఇంకో నిర్ణయం తీసుకుంది. ధారావిని పడగొట్టి కొత్తగా కట్టేటప్పుడు అక్కడే ఇల్లు పొందే అర్హత లేదని తేల్చిన వాళ్ళ కోసం దేవనార్ డంపులో 124 ఎకరాలు కేటాయించింది. డంపును మనుషుల దగ్గరికి తేవడం ఒక దశ. మనుషుల్ని డంపు మీదికి తేవడం తర్వాతి దశ.

అహ్మదాబాద్‌లో ఆ దశ 2002లోనే వచ్చింది. నరోదా పాటియాలో అయినవాళ్ళను కళ్ళెదుట పోగొట్టుకుని ప్రాణాలతో మిగిలినవాళ్ళకి సహాయ శిబిరాలు మూసేశాక నీడ ఎక్కడ దొరికింది? పిరానా చెత్తగుట్ట పక్కన. కేరళ ముస్లింలు చందాలేసి కట్టించిన ఆ ఇళ్ళ వరసకి సిటిజన్ నగర్ అని పేరు. పౌరుల నగరం! ఎవరు పెట్టారో గానీ ఇంతకన్నా చేదు పేరు ఏ కవికీ తట్టదు. పిరానా అన్నది కూడా పీరు పేరుమీద వచ్చిన ఊరే, పక్కన ఇమామ్‌షా దర్గా ఉంది. ఇప్పుడు గూగుల్‌లో కొడితే చెత్తగుట్ట వస్తుంది. వేరేచోటికి పొమ్మంటే ఎక్కడికి పోవాలి? గుజరాత్‌లో 1991 నాటి "కల్లోలిత ప్రాంతాల చట్టం" ఉంది. ఆ ప్రాంతాల్లో ఇల్లు అమ్మాలన్నా కొనాలన్నా కలెక్టరు అనుమతి కావాలి. హిందువు ఇల్లు ముస్లిం కొనడం ఎంత కష్టమో అక్కడివాళ్ళని అడగండి. హైదరాబాద్‌లో అలాంటి చట్టం లేదు. "మీ పేరేంటి?" అన్న ప్రశ్న చాలు, టూలెట్ బోర్డు లోపలికి పోతుంది.

అందుకే "మీరంతా ఒకేచోట ఎందుకు గుంపుగా ఉంటారు?" అనేవాళ్ళను చూస్తే మాకు మండుతుంది. గుంపుగా ఉండేటట్టు చేసి, గుంపు ఉన్నచోటికి నల్లా తేక, బడి తేక, చివరికి చెత్త తెచ్చి పెట్టి, ఇదీ వీళ్ళ సంస్కృతి అంటారు. సచార్ కమిటీ 2006లోనే చెప్పింది, కొన్ని బ్యాంకులు మా వాడల్ని "నెగటివ్ జోన్"లుగా గుర్తు పెట్టుకున్నాయని. 2023లో ఆర్థికవేత్తలు దేశంలోని 15 లక్షల వాడల లెక్కలు తీశారు. అంతా ముస్లింలే ఉన్న వాడలో హైస్కూలు ఉండే అవకాశం, ముస్లింలు అసలు లేని వాడతో పోలిస్తే సగం. దళిత వాడల పరిస్థితీ ఇలాంటిదే. సౌకర్యం పంచేటప్పుడు మేం చివర. సౌకర్యానికి ఉండే మురికి పంచేటప్పుడు వరసలో ముందు. అమెరికాలో నల్లవాళ్ళు ఈ లెక్క 1979లోనే తీశారు. హ్యూస్టన్‌లో నగరపాలక సంస్థ సొంత చెత్త డంపులు అయిదుంటే అయిదూ నల్లవాళ్ళ పేటల్లోనే ఉన్నాయని కోర్టుకెక్కారు. ఆ కేసు ఓడిపోయారు గానీ, చెత్తకి రంగు ఉంటుందని లోకానికి తెలిసింది. మన దగ్గర చెత్తకి కులం ఉందని దళితులు ఎప్పటినుంచో చెబుతున్నారు. ఎత్తేది వాళ్ళే, దాని పక్కన బతికేదీ వాళ్ళే.

హైదరాబాద్ మాట ఎత్తకుండా ఢిల్లీ, ముంబై అంటూ తిరిగితే మమ్మల్ని మేం తప్పించుకున్నట్టవుతుంది. నగరం చెత్త ఇరవయ్యేళ్ళ పైచిలుకు జవహర్‌నగర్‌కి పోతోంది. బంజారాహిల్స్‌దీ అక్కడికే, మా చార్మినార్‌దీ అక్కడికే. ఆ డంపు చుట్టూ ఉండేది ఎక్కువగా మావాళ్ళు కాదు, పొట్ట చేతబట్టుకుని వచ్చిన అన్ని జిల్లాల పేదలు. నల్లటి ఊటనీరు దిగి మల్కారం చెరువు పాడైంది. 2020లో అక్కడా 19.8 మెగావాట్ల ప్లాంటు పెట్టారు. 2025 ఫిబ్రవరిలో సంగారెడ్డి జిల్లా ప్యారానగర్‌లో ఇంకో డంపు పని మొదలుపెడితే నల్లవల్లి, గుమ్మడిదల జనం రోడ్డెక్కారు. పోలీసుల్ని దింపారు. ఆ రైతులు హిందువులా, ముస్లింలా అని మేం అడగలేదు. వాళ్ళను అన్న మాటలు విన్నాం, అంతే. "అభివృద్ధి నిరోధకులు, వెనకాల ఎవరో ఉన్నారు." మాకు చిరపరిచితమైన మాటలు.

మా నాయకుల సంగతి కూడా చెప్పాలి. పర్సనల్ లా మీద వేదిక ఎక్కమంటే రాత్రి రెండింటిదాకా గొంతు చించుకుంటారు. డంపు మీద మాట్లాడమంటే కాంట్రాక్టరు ఎవరో ముందు కనుక్కుంటారు. ప్లాంటు వస్తే మొహల్లా కుర్రాళ్ళకి ఇన్ని ఉద్యోగాలు, ఒక షాదీఖానా, ఖబ్రస్తాన్‌కి గోడ అని బేరం కుదుర్చుకొస్తారు. ఖబ్రస్తాన్‌కి గోడ! ఎంత ముందుచూపు. దీన్ అంటే తహారత్ అని, శుభ్రత ఈమాన్‌లో సగమని మింబర్ మీద నుంచి చెప్పే పెద్దలు, మొహల్లా శుభ్రత కోసం ఒక్క జుమ్మా ఖుత్బా కేటాయిస్తే సర్కారుకి చెమటలు పడతాయి.

ఇక మొదటి ప్రశ్న. మరెక్కడ పెట్టమంటారు? దీనికి కేరళ ఎప్పుడో జవాబు చెప్పింది. తిరువనంతపురం చెత్త భరించి భరించి విలప్పిల్‌శాల ఊరివాళ్ళు 2011 డిసెంబరులో ప్లాంటు గేటు మూయించారు. అలప్పుళ చెత్తను సర్వోదయపురం వాసులు అడ్డుకున్నారు. రాజధాని కంపు కొట్టింది, కాలువల ఊరు కంపు కొట్టింది. అప్పుడు ఏమయ్యింది? పోయేచోటు లేక అలప్పుళ తన చెత్తను తానే చూసుకోవడం నేర్చుకుంది. తడిది ఇంట్లోనే, వీధిలోనే ఎరువయ్యింది, గ్యాసయ్యింది. పొడిదాన్ని వేరుచేసి పంపారు. 2017లో ఐక్యరాజ్యసమితి పర్యావరణ సంస్థ చెత్తను బాగా సంబాళిస్తున్న అయిదు నగరాల్లో అలప్పుళను ఒకటిగా చెప్పింది. ఈ పేరు తెచ్చింది ఏ ఆఫీసరూ కాదు. వద్దు అని లారీకి అడ్డం నిలబడ్డ ఊరివాళ్ళు తెచ్చారు. వాళ్ళు "సరే" అనుంటే అక్కడ ఇవాళ్టికీ గుట్ట పెరుగుతూ ఉండేది. కాబట్టి ఎక్కడ పెట్టాలంటే, పుట్టినచోట పెట్టండి. జూబ్లీహిల్స్ తడి చెత్త జూబ్లీహిల్స్ పార్కులో ఎరువు కానివ్వండి. మా మొహల్లాది మా మొహల్లాలో మేం చేసుకుంటాం, స్థలమూ షెడ్డూ జీతాలూ ఇవ్వండి. కంపు కొట్టనిదైతే మీ పక్కన ఉండటానికి అభ్యంతరమేముంది? కంపు కొట్టేదైతే మా పక్కన ఎందుకుండాలి?

అప్పటిదాకా ప్రతిపాదనలు వస్తూనే ఉంటాయి. ప్రజాభిప్రాయ సేకరణ సభలూ వస్తాయి. 2006 నాటి పర్యావరణ అనుమతుల నోటిఫికేషన్ చదివితే ఒక వాక్యం దగ్గర మా కళ్ళు ఆగిపోయాయి. ఆ సభ మొదలుపెట్టడానికి ఇంతమంది ఉండాలన్న నియమం లేదట. కోరం అక్కర్లేదు. ఒక్కరూ రాకపోయినా ప్రజలు అభిప్రాయం చెప్పినట్టే! అదే నోటిఫికేషన్ సభకి కనీసం 30 రోజుల ముందు నోటీసు ఇవ్వాలని, నివేదిక సారాంశం స్థానిక భాషలో కూడా ఉండాలని చెబుతుంది. 2017లో తెలంగాణ అంతటా ఉర్దూను రెండో అధికార భాష చేశారు కదా. బోర్డుల మీద, ఇఫ్తార్ ఆహ్వానపత్రాల మీద కనిపించే ఆ ఉర్దూ మాకు పొగగొట్టం ఎత్తు చెప్పడానికి కూడా పనికిరావాలి. మా మొహల్లా పక్కన ఏది కట్టదలచుకున్నా సారాంశం ఉర్దూలోనూ తెలుగులోనూ అచ్చువేసి మసీదు గోడ మీద, గుడి గోడ మీద, అంగన్‌వాడీ తలుపు మీద అంటించండి. రోజుకి ఎన్ని టన్నులు వస్తాయి, అందులో తడిది ఎంత, బూడిద ఏ ఊరికి పోతుంది, డయాక్సిన్ ఏడాదికి ఎన్నిసార్లు కొలుస్తారు, ఆ రిపోర్టు ఎవరికిస్తారు, ఇవి అందులో ఉండాలి. అనుమతి తెచ్చుకున్న పద్ధతి ఒకటి, కట్టే పద్ధతి ఇంకొకటి అయితే మళ్ళీ సభ పెట్టాలి. సభ శుక్రవారం మధ్యాహ్నం పెట్టొద్దు. ఆడవాళ్ళు రాగలిగిన చోట, రాగలిగిన వేళ పెట్టండి. కుర్చీలు మీ ఆఫీసర్లకి సరిపడా కాదు, మాకు సరిపడా వేయించండి. మేం వస్తాం, నల్లవల్లి నుంచి కూడా మనుషుల్ని పిలుచుకొస్తాం.